వెనుక నిలిచిన బంటు

1 కొరింథీ 12:22 చదువుడి.

చదరంగములో కారో-కాన్ అను రక్షణ విధానమున్నది. హొరేషియో కారో, మార్కస్ కాన్ అనువారు 1886లో దానిని పరిశోధించిరి. తెల్లవాడు రాజు ముందరి బంటును రెండు గళ్లు నడుపగా, నల్లవాడు మంత్రి ప్రక్కనున్న శకటు ముందరి బంటును ఒక్క గడి మాత్రమే జరుపును. గర్విష్ఠికి ఈ యెత్తు రుచింపదు. పిమ్మట నల్లమంత్రి ముందరి బంటు రెండు గళ్లు సాగి శత్రువు నెదిరించును. తెల్లబంటు దానిని చంపినయెడల, వెనుకనున్న ఆ చిన్న బంటే చంపినదానిని చంపి, ఆ చోటనే నిలుచును. దీనికి వెల లేకపోలేదు. గుర్రము దిగవలసిన మంచి గడి పోవును, అది వేరు త్రోవ వెదకుకొనవలెను.

మన సంఘములో ప్రసంగించువానిని అందరెరుగుదురు. కూలికి పోయివచ్చి, దీపమార్పకమునుపు అతని కొరకు మోకరించు విధవరాలిని ఎందరెరుగుదురు? ఆమె రెండు ఆదివారములు ఆరాధనకు రాకపోయినప్పుడు, మనలో ఎవరు ఆమె గుడిసెకు వెళ్లితిమి?