విత్తు, పదును, కర్మ

చలి శివశివా అంటూ వెళ్లిపోయే రోజుల్లో గుడివాడ నుంచి బందరు దాకా ఏ మురుగుకాలవ గట్టున నడిచినా ముదిరిన జమ్ము కనిపిస్తుంది. గోధుమరంగు కంకిని వేళ్లతో నొక్కితే చాలు, చిరిగిన దిండులోంచి వచ్చినట్టు దూది ఉబికి వస్తుంది. ఆ నూగుకి అంటుకుని, నువ్వుగింజ కంటే బాగా చిన్న విత్తనాలు. ఒక్క కంకిలో లక్షకు పైగా ఉంటాయి. గాలి వాటిని రోడ్ల మీదికీ, చేపల చెరువుల్లోకీ, చవుడు నేలల్లోకీ మోసుకుపోతుంది. మొలిచేవి ఏ కొన్నో.

విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా అనే సామెతతోనే మనవాళ్లు కర్మ సిద్ధాంతం సగం చెప్పేస్తారు. వేసిన ప్రతి విత్తూ మొలుస్తుందా అని మాత్రం ఎవరూ అడగరు.

దివిసీమలో ఇది ఊసుపోక వేసే ప్రశ్న కాదు. 1977 నవంబర్ 19న వచ్చిన ఉప్పెన సొర్లగొంది లాంటి ఊళ్లను ఊడ్చేసింది. వేలమంది పోయారు. ఉయ్యాల్లో పిల్లలు ఏం విత్తారని? పూర్వజన్మ అన్నది అందరికీ తెలిసిన జవాబే. కన్నతల్లి ముందు అనగలిగిన జవాబు మాత్రం కాదు.

ఛాందోగ్యంలో ఉద్దాలకుడు కొడుకు చేత మర్రిగింజ పగలగొట్టించి, లోపల కంటికి ఆనని దానిలోంచే అంత చెట్టూ వచ్చిందంటాడు. బౌద్ధుల శాలిస్తంబ సూత్రం గింజ బయటికి చూడమంటుంది. మట్టి, నీరు, వేడి, గాలి, చోటు, రుతువు కూడితేనే మొలక. నేనే మొలిపించానని వాటిలో ఏదీ అనుకోదు. అసలు విశేషం ఏమిటంటే, ఆ సూత్రంలో కర్మ విత్తనం కాదు, పొలం. విత్తనం చైతన్యం, తడి తృష్ణ. ఘంటసాల స్తూపం ఉన్న ఈ వరినేలకు ఈ మాటే దగ్గరగా తోస్తుంది.

మడ అడవిది ఇంకో దారి. ఉప్పుపొన్న గింజ చెట్టున ఉండగానే మొలకెత్తి, జానెడుకు పైగా సాగి నెలల తరబడి వేలాడుతుంది. ఉప్పు బురదలో ఒట్టి గింజ నిలదొక్కుకోవడం కష్టం కాబట్టి తల్లిచెట్టే పెంచి వదులుతుంది. ఎవరి ఫలం ఎవరిదని ఇక్కడ గీత గీయలేం.

సూత్రాలు చదవకపోయినా రైతుకి ఈ లెక్క తెలుసు. వరికోతకు రెండు మూడు రోజుల ముందు, చేలో పదును ఉండగానే మినుములు చల్లుతాడు. పదును తప్పితే ఎంత మంచి విత్తనమైనా మట్టిపాలే. ఆ రైతే మాఘ పౌర్ణమికి పాపాలు పోవాలని హంసలదీవి దగ్గర సాగరసంగమంలో మునుగుతాడు. ఇంటికొచ్చాక చేలో పల్లాకు తెగులు కనిపిస్తే మాత్రం పూర్వజన్మను తిట్టుకోడు. తెల్లదోమను తిడతాడు, కొట్టుకెళ్లి ఇదేం రకం ఇచ్చారని నిలదీస్తాడు.