సంతాన చికిత్స - తల్లిదండ్రుల ధర్మము

గృహస్థునకు సంతానాపేక్ష సహజము. అది తీరనపుడు మన ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములలో మొదట నింద పడునది స్త్రీమీద. సీమంతమునకు ఆమెను పిలువరు. పిలిచినను ఒడి నింపుటకు ముందుకు రానీయరు. ఇట్టి వేదన ననుభవించి, టెస్టుట్యూబు పద్ధతికి సిద్ధపడిన దంపతులను మరియొక ప్రశ్న వెన్నాడుచున్నది: అట్లు కలిగిన బిడ్డ అవయవలోపముతో పుట్టునేమో! ఈ ప్రశ్నను భయముతో గాక వివేకముతో విచారింపవలెను.

ఈ విద్య నిన్న మొన్నటిది కాదు. 1978 జూలై 25న ఇంగ్లండులో ప్రథమ శిశువు, అదే యేడు అక్టోబరు 3న డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ కృషి వలన కలకత్తాలో మరియొక శిశువు జన్మించిరి. ఇరువురును ఆడుబిడ్డలే.

దక్షిణ ఆస్ట్రేలియాలో 3,08,974 జననములను పరిశీలించిన అధ్యయన మొకటి 2012లో వెలువడినది. చికిత్స వలన కలిగిన శిశువులలో నూటికి 8.3 మందికి, తక్కినవారిలో 5.8 మందికి జన్మలోపములు కానవచ్చెను. తల్లి వయస్సు మొదలగువానిని లెక్కకు తీసికొనగా, సాధారణ టెస్టుట్యూబు పద్ధతిలో ఆ భేదము గణింపదగినదిగా నిలువలేదు. ఒక్క బీజకణమును సూదితో అండములోనికి ప్రవేశపెట్టు పద్ధతిలో మాత్రము నిలిచెను. ఆ పద్ధతి ముఖ్యముగా పురుషుని లోపమునకై ఏర్పడినది. ముప్పు పద్ధతి వలననా, పురుషబీజ లోపము వలననా యను సంగతి ఆ లెక్కలు తేల్చలేదు. అంతియే కాదు, సంతానలేమితో బాధపడి, ఈ చికిత్స లేకయే గర్భవతులైన స్త్రీల బిడ్డలలోను ముప్పు కొంత హెచ్చుగనే యుండెను. కావున దోషమునంతయు వైద్యముపై మోపరాదు. స్త్రీపై అసలే మోపరాదు.

మనము టెస్టుట్యూబునకు జంకుదుము గాని మేనరికమునకు జంకము. దగ్గరి రక్తసంబంధ వివాహములలో జన్మలోపముల ముప్పు సుమారు రెట్టింపగునని ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డు నగరమున జరిగి 2013లో వెలువడిన పరిశీలన తెల్పుచున్నది.

పుట్టబోవు బిడ్డ సమ్మతిని ఎవరును అడుగజాలరు. అట్టి బిడ్డపై తెలిసి తెలిసి ముప్పు మోపుట ధర్మమా? సహజ జననమునను ముప్పు శూన్యము కాదని పై లెక్కలే చెప్పుచున్నవి. ముప్పు లేని జన్మము లేదు గనుక, దానిని తగ్గించుటయు, మిగిలినదానిని తాము వహించుటయు తల్లిదండ్రుల ధర్మము. భార్యతో బాటు భర్తయు పరీక్ష చేయించుకొనవలెను. గర్భధారణమునకు ముందునుండియే వైద్యుని సలహాతో ఫోలిక్ ఆమ్లము మాత్రలు వాడినచో వెన్నుపాము లోపములు చాలవరకు తప్పును. వైద్యుడు తగునన్నచో ఒక్క పిండమునే గర్భమున నిలుపుట మేలు; కవలలు నెలలు నిండక పుట్టుట తరచు.

2019 సెప్టెంబరు 5న గుంటూరులో డెబ్బదేండ్లు దాటిన మాతకు ఈ చికిత్స వలన కవలలు పుట్టగా లోకము వింతగా చెప్పుకొనెను. వింతకంటె బిడ్డల భవిష్యత్తు ముఖ్యము. 2021 నాటి చట్టము స్త్రీకి ఏబది, పురుషునికి ఏబదియైదు ఏండ్లలోపు వయస్సును నియమించినది. చికిత్స ఫలించు అవకాశమును, దాని పర్యవసానములను దంపతులకు వివరించుట చికిత్సాలయముల విధి యని కూడ అది శాసించినది. అడిగి తెలిసికొనుటకు సిగ్గుపడరాదు.

జనన సూతకమును, రజస్సూతకమును త్రోసిపుచ్చినది శరణ మార్గము. ఆ మార్గమున నడచువారు ఒడి నిండని స్త్రీయందు అమంగళము నెట్లు చూతురు? శిశువు గర్భమున నుండగనే లింగసంస్కారము చేయు ఆచారము మనకు గలదు. అపుడు గురువు శిశువు రూపమును అడుగడు. సర్వాంగములు సరిగా నున్నవా యని విచారింపడు. చూడకమునుపే స్వీకరించును. చికిత్సకు పోవు దంపతులు తమ్ము తాము అడుగుకొనవలసిన ప్రశ్న యిదియే: లోపమున్నను ఈ బిడ్డను ఇట్లే స్వీకరింతుమా? అవునని చెప్పగలవారు నిర్భయముగా ముందుకు సాగవచ్చును. చెప్పలేనివారు బిడ్డను గాక లోకుల మెప్పును కోరుచున్నారు.