చూసి చెప్పడం, చూసినట్టు చెప్పడం

"చూసి చెప్పడం" వేరు, "చూసినట్టు చెప్పడం" వేరు. మాటలో వున్న తేడా గట్టిగా రెండక్షరాలు. కాని ఆ రెండక్షరాల సందులో ఎన్ని సంసారాలు నలిగాయో, ఎన్ని సంబంధాలు తప్పిపోయాయో మనకు తెలియంది కాదు. పెళ్ళిచూపులకు వెళ్ళొచ్చిన మేనత్తగారిని "పిల్ల ఎలా వుందండీ?" అని అడిగి చూడండి. "చామనచాయ, మంచి ఒడ్డూ పొడుగూ, నెమ్మదస్తురాలు, పెద్దలంటే భయభక్తులున్న పిల్ల" అంటారు. చాయ కంటికి కనిపించింది, సరే. పొడుగూ కనిపించింది. అరగంటలో, ఉప్మా ప్లేటుకీ కాఫీ గ్లాసుకీ మధ్య, ఆ భయభక్తులు ఎక్కడ కనిపించాయి? కనిపించలేదు. తల వంచుకు కూర్చున్న పిల్లలందరి గురించీ అలా అనడం అలవాటు. నోటివాటంగా వచ్చేసిందంతే.

ఆవిడ అబద్ధం చెప్పారా అంటే, లేదు. నిజం చెప్పారా అంటే, అదీ లేదు. మరి ఈ మూడో రకం మాట తప్పా, కాదా? ఈ ధర్మసందేహం నాకు చాలా కాలంగా వుంది. ఈ మధ్య దాన్ని మళ్ళీ కదిపినవి మాత్రం మనుషులు కాదు, యంత్రాలు.

ఫోటో చూపిస్తే అందులో ఏముందో ఒక వాక్యంలో చెప్పే యంత్రాల గురించి మీరూ వినే వుంటారు. 2014లో గూగుల్ పరిశోధకులు నలుగురు "షో అండ్ టెల్" అనే పేరుతో ఒక పద్ధతి ప్రకటించారు. అమెరికాలో చిన్నపిల్లలు ఇంటినుంచి ఏదో వస్తువు బడికి తెచ్చి, అందరికీ చూపించి, దాన్ని గురించి నాలుగు మాటలు చెబుతారు. ఆ ముచ్చటకు వున్న పేరే ఇది. ఇంచుమించు ఆ రోజుల్లోనే స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆంద్రే కర్పాతీ, ఫేఫే లీ కూడా అలాంటి పనే చేశారు. ఇలాంటి యంత్రంలో రెండు భాగాలు. ఒకటి చూసేది. బొమ్మను అంకెల వరసగా మార్చేస్తుంది. రెండోది చెప్పేది. ఆ అంకెలు పట్టుకుని, ఈ మాట తర్వాత ఏ మాట రావడం సబబో లెక్క వేసుకుంటూ, మాలకట్టే మనిషి పువ్వు తర్వాత పువ్వు అందుకున్నట్టు, ఒక్కొక్క మాటే అల్లుకుపోతుంది. వీడియో అయితే ఒక్క బొమ్మకు బదులు వరసగా బోలెడు బొమ్మలన్నమాట.

మరి ఈ విద్య ఎక్కడ నేర్చింది? "కోకో" అని పేరున్న బొమ్మల సేకరణ ఒకటి వుంది. 3,30,000కు పైగా ఫోటోలు. బొమ్మకు ఐదేసి వాక్యాలు చొప్పున మనుషులే రాశారు, ఇంటర్నెట్టులో ఇంత పనికి ఇంత అని కూలి తీసుకుని. వాళ్ళకిచ్చిన నిబంధనలు చదివి నేను ముచ్చటపడ్డాను. ముఖ్యమైనవన్నీ చెప్పాలి, కానివి వదిలేయాలి. అంతకుముందు ఏం జరిగిందో, ఆ తర్వాత ఏం జరగబోతోందో చెప్పకూడదు. బొమ్మలో మనిషి ఏమంటున్నాడో ఊహించకూడదు. ఎవరికీ పేర్లు పెట్టకూడదు - మన మహిళామండలి అర్థంలో కాదు లెండి, మామూలు అర్థంలోనే. వాక్యంలో ఎనిమిది మాటలకు తక్కువ వుండకూడదు.

ఈ నిబంధనలు మన పెళ్ళి ఆల్బం తిరగేసేటప్పుడు పెడితే ఏమవుతుందో ఊహించండి! "ఇదిగో, ఈవిడే పెద్దాడపడుచు. చీర అంచు చిన్నదైందని అప్పటికే అలిగి వుంది. ఫోటో తీసిన మరుక్షణం లేచి విడిదికి వెళ్ళిపోయింది." అంతా నిషిద్ధమే! ఇక మిగిలేది "పట్టుచీర కట్టుకున్న ఒక స్త్రీ కుర్చీలో కూర్చుని వుంది" అన్నదొక్కటే. ఆల్బం ఐదు నిమిషాల్లో మూసేయొచ్చు.

నవ్వులాటకు అన్నాను గాని, నిబంధన మంచిదే. కంటితో చూసినంత మటుకే చెప్పు, మిగతాది కలపకు - కోర్టులో సాక్షికి చెప్పే మాటే ఇది. మనుషులు రాయవలసిందీ అలాగే. వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, యంత్రం నేర్చుకున్నది ఆ నిబంధనను కాదు, ఆ వాక్యాలను. ఏ వస్తువు పక్కన ఏ మాట తరచుగా వస్తుందో, ఆ వాటాన్ని.

ఆ వాటం ఎటు తీసుకుపోయిందో వినండి. 2017లో అమెరికాలోని వర్జీనియా, వాషింగ్టన్ విశ్వవిద్యాలయాల వారు, బొమ్మలో ఏ పని జరుగుతోంది, ఎవరు చేస్తున్నారు అని చెప్పే యంత్రాన్ని పరీక్షించారు. నేర్పడానికి వాడిన బొమ్మల్లో వంట చేసేవారు మగవాళ్ళకంటే ఆడవాళ్ళుగా కనిపించడం 33 శాతం పైగా ఎక్కువ. సరే, లోకం అలా వుంది, బొమ్మలూ అలా వున్నాయి. కాని చదువు పూర్తయ్యాక యంత్రం ఇచ్చిన జవాబుల్లో ఆ తేడా 68 శాతానికి పెరిగిపోయింది! పొయ్యి దగ్గర మగమనిషి నిలబడి వున్నా "స్త్రీ" అనేసింది. మనిషిని చూడలేదు. పొయ్యిని చూసింది, చాలనుకుంది. మరుసటేడు వచ్చిన ఇంకో పరిశోధనలో, బల్ల ముందు కంప్యూటరుతో కూర్చున్న స్త్రీని "పురుషుడు" అంది మరో యంత్రం. గరిటె కనిపిస్తే ఆడది, కంప్యూటరు కనిపిస్తే మగాడు. ఇంత ఆధునికమైన యంత్రానికి మన ముత్తాతల బుద్ధి ఎలా పట్టిందా అని ఆశ్చర్యపోనక్కర్లేదు. దానికి నేర్పిందీ మనుషులే కదా! నేర్పినదానికి కాస్త చేర్చడం మాత్రం దాని సొంతం.

ఆ రెండో పరిశోధన చేసినవారు కనిపెట్టిన విరుగుడు నాకు మరీ నచ్చింది. బొమ్మలో మనిషిని కప్పేసి యంత్రానికి చూపించారు. అప్పుడు కూడా అది ఆడో మగో తేల్చి చెబితే తప్పు కిందే లెక్క. ఆధారం కనబడనప్పుడు తటపటాయించడం, కనబడినప్పుడే ధైర్యంగా చెప్పడం - ఈ రెండూ విడివిడిగా నేర్పారు. తటపటాయించడం కూడా ఒక విద్యేనని, దాన్ని పనిగట్టుకుని నేర్పాలని ఎంతమందికి తోచింది? మన బళ్ళలో అయితే తటపటాయించిన పిల్లవాణ్ణి బెంచీ ఎక్కిస్తాం!

ఇదంతా తమాషాగా చెప్పుకుని వూరుకోవచ్చు, వినేవాళ్ళకు కళ్ళుంటే. మీరూ నేనూ బొమ్మ చూస్తాం, యంత్రం అన్నది వింటాం, తప్పయితే నవ్వుకుంటాం. కాని ఈ యంత్రాలు అందరికంటే ఎక్కువగా అక్కరకొచ్చేది చూపు లేనివారికి. 2017లోనే వారి అనుభవాల మీద ఒక పరిశోధన జరిగింది. యంత్రం చెప్పిన వాక్యం సందర్భానికి అతకకపోయినా వారు దాన్ని నమ్మారట. అంతేకాదు, ఆ పొంతన కుదరడానికి మధ్యలో వుండవలసిన కథ తామే అల్లుకున్నారట. ఇది చదివినప్పుడు నా మనసు చివుక్కుమంది. చెప్పినవాడి తప్పును విన్నవాడు తన ఊహతో పూడ్చుకుంటున్నాడు!

భారతంలో సంజయుణ్ణి తలుచుకోండి. ఆయన చెప్పేది నిజమో కాదో ధృతరాష్ట్రుడు పోల్చి చూసుకోలేడు. రోజూ కౌరవులే గెలుస్తున్నారని నోటివాటంగా చెప్పేస్తే అడిగేవాడు లేడు. అయినా కొడుకులు పడిపోతుంటే పడిపోతున్నారనే చెప్పాడు. వినేవాడు పరీక్షించుకోలేని చోట చెప్పేవాడి మీద బరువు రెట్టింపు. నా సందేహానికి జవాబు ఇక్కడే దొరికిందనిపిస్తోంది. అబద్ధానికి ఉద్దేశం వుండాలి, యంత్రానికి ఉద్దేశం లేదు. మేనత్తగారికీ లేదు. కాని ఎదుటివాడు మన కళ్ళ మీద ఆధారపడి వున్నప్పుడు, చూడకుండానే చూసినట్టు చెప్పడానికి ఉద్దేశంతో పని లేదు. అది తప్పే.

"ఏమీ చెప్పకపోవడం కంటే ఏదో ఒకటి చెప్పడం నయం కదా?" అని అడుగుతారు కొందరు. నిజమే. ఏ వివరమూ లేని ఫోటో చూపు లేనివారికి ఉత్త ఖాళీ. అయితే చెప్పడానికీ మర్యాద వుంది. 2016లో ఫేస్‌బుక్ తన ఫోటోలకు ఈ సదుపాయం పెట్టినప్పుడు పెద్ద వాక్యాలకు పోలేదు. "ఇందులో వుండొచ్చు: ముగ్గురు మనుషులు, చిరునవ్వు, ఆరుబయలు" అన్న పద్ధతిలో ఒక జాబితా చదివింది. ఆ "వుండొచ్చు"లో ఎంత సంస్కారం వుందో చూడండి. మన తెలుగుకూ ఈ విద్య అందుతోంది. 2022లో గూగుల్ వారు 3,600 ఫోటోలకు 36 భాషల్లో మనుషుల చేత వాక్యాలు రాయించారు, యంత్రాలకు పరీక్ష పెట్టడానికి. ఆ 36లో తెలుగు ఒకటి. కోకో గుర్తులు పెట్టిన 80 రకాల వస్తువుల్లో మంచు మీద జారే పలకా, హాట్‌డాగూ వున్నాయి గాని, మన రోలూ తులసికోటా లేవు. ఆ లోటు తీరాలంటే మనవాళ్ళు చూసి, మన మాటల్లో చెప్పాల్సిందే మరి.

యంత్రాల మాట అలా వుంచి, మన సంగతి చూద్దాం. అమెరికా నుంచి కొడుకు ఫోన్ చేసి "అమ్మ ఎలా వుంది?" అంటాడు. "ఆఁ, బాగానే వుంది" అంటాం. ఇవాళ ఆవిడ ముఖం చూశామా? అన్నం సగం వదిలేసింది గమనించామా? ఫోన్‌కు అవతల వున్నవాడు ఆ ఒక్క క్షణం ధృతరాష్ట్రుడే. మన మాట నమ్మి నిద్రపోతాడు.

2020లో మరో సేకరణ వచ్చింది. చూపు లేనివారు స్వయంగా తీసిన 39,000 పైచిలుకు ఫోటోలు. వాటిలో మసకవీ, మరీ దగ్గరనుంచి తీసినవీ వున్నాయి. వివరం రాసేవారికి అందులో ఒక వెసులుబాటు ఇచ్చారు. ఏమున్నదీ పోల్చుకోలేనంతగా బొమ్మ చెడిపోతే, ఆ సంగతే రాసేయమన్నారు. అలా యంత్రాల పాఠ్యపుస్తకంలోకి నిజాయితీ వాక్యం ఒకటి వచ్చి చేరింది.

అందుకే కోకో వారి నిబంధనల్లో నాకు నచ్చనిది ఒక్కటే, ఆ ఎనిమిది మాటల లెక్క. "సరిగ్గా కనబడటం లేదు" అనడానికి మూడు మాటలు చాలవూ?