బంతిని వెనుకవానికి అందించుట



మా గోకుందలో మన సంఘపు కుర్రవాడొకడు కబడ్డీలో దిట్ట. మోకాలు దెబ్బతిన్నది. ఇక పోటీలకు దిగవద్దని డాక్టరు చెప్పాడు. బడిలో చిన్న పిల్లలకు ఆట నేర్పమని మాస్టర్లు అడిగితే వాడు ససేమిరా అన్నాడు. తల్లి వచ్చి, “మీరైనా చెప్పండి పెద్దయ్యా” అని కన్నీరు పెట్టుకుంది. పిలిచి అడిగితే వాడన్నది ఒక్కటే మాట: “ఆడరానోడే నేర్పుతడు తాతా. నాకా బతుకొద్దు.”

ఆ రోజు నాకు జవాబు తోచలేదు. ప్రార్థన చేసి పంపించాను. తరువాత ఆలోచించగా, ఆ ప్రశ్న వానిది మాత్రమే కాదు, మనందరిదీ అని తెలిసింది. తన చేతిలోని పని మరొకరి చేతికి ఇచ్చినవాడు ఓడిపోయినట్లా?

మన తెలుగువారిలోనే పుల్లెల గోపీచంద్ గారి సంగతి చూడండి. ప్రకాశం జిల్లా నాగండ్లలో 1973లో పుట్టారు. 1994లో మన మహారాష్ట్రలోనే, పూనా జాతీయ క్రీడలలో ఆయన మోకాలు చెడింది. శస్త్రచికిత్సల తరువాత మళ్లీ లేచి, 2001 మార్చిలో చైనా ఆటగాడు చెన్ హాంగ్‌ను 15-12, 15-6 తేడాతో ఓడించి ఆల్ ఇంగ్లండ్ గెలిచారు. 1980లో ప్రకాశ్ పదుకొణె తరువాత ఆ ఘనత పొందిన భారతీయుడు ఆయనే. శీతల పానీయపు ప్రకటనలో నటిస్తే డబ్బు వచ్చేదే. ఆ పానీయము పిల్లలకు మంచిది కాదని వద్దన్నారు.

తరువాత ఆయన రాకెట్టు పక్కన పెట్టి నేర్పుటకు పూనుకున్నారు. గచ్చిబౌలిలో ప్రభుత్వమిచ్చిన స్థలములో అకాడమీ కట్టుటకు సొంత ఇల్లు తాకట్టు పెట్టారు. 2008లో అకాడమీ తెరిచారు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో సైనా నెహ్వాల్‌కు కాంస్యము, 2016 రియోలో పి.వి. సింధుకు రజతము వచ్చాయి. ఒలింపిక్ పతకము గురువుగారు తన మెడలో ఎన్నడూ వేసుకోలేదు. రియోకు ముందు సింధు ఫోను మూడు నెలలు తీసి ఉంచింది కూడ ఆయనే. నేర్పేవానికి ప్రేమతోపాటు కాఠిన్యము కూడ ఉండాలి గదా.

అయితే ఈ కథలో నన్ను ఆపిన ఘట్టము పతకముల దగ్గర లేదు. 2014లో సైనా ఆయన దగ్గరనుండి బెంగుళూరులో విమల్ కుమార్ గారి దగ్గరకు వెళ్లింది. 2017లో తిరిగి వచ్చింది. ఆయన మళ్లీ నేర్పారు. చేతులారా పెంచిన శిష్యురాలు మరొకరి దగ్గర గెలుస్తుంటే చూచుట ఏ గురువుకైనా తేలికా? ఆట వదులుట ఒక త్యాగమైతే, “నావల్లే గెలిచింది” అను మాట వదులుట అంతకంటె పెద్ద త్యాగము. తాను అందుకోలేని కప్పును పిల్లవాని చేత అందుకోవాలని వానిని పీడించే కోచ్‌లు ఉన్నారు. తల్లిదండ్రులమైన మనలోనూ ఉన్నారు. అట్టివారు ఆట మానలేదు, పిల్లవాని కాళ్లతో తామే ఆడుచున్నారు.

దీనికి మరొక సాక్ష్యము రగ్బీ ఆటలో ఉంది. కోడిగుడ్డు ఆకారపు బంతితో ఆడే ఆ ఆట మన పిల్లలకు అంతగా తెలియదు. అందులో బంతిని చేతితో ముందుకు విసరకూడదు. దానిని పట్టుకొని తాను ముందుకు పరుగెత్తవచ్చు, ఇతరులకు అందించవలసివస్తే మాత్రం పక్కనో వెనుకనో వచ్చేవానికే ఇవ్వాలి. స్కాట్లండ్ తరపున 1922, 1923లలో ఆ ఆట ఆడిన ఎరిక్ లిడ్డెల్, 1924 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల ప్రాథమిక పోటీలు ఆదివారము పడినందున ఆ పరుగు మానుకున్నాడు. 400 మీటర్లు పరుగెత్తి బంగారు పతకము గెలిచాడు. మరుసటి సంవత్సరమే మిషనరీగా చైనా వెళ్లి, బడిలో పాఠములూ ఆటలూ నేర్పాడు.

యుద్ధకాలములో జపానువారు ఆయనను వెయ్‌షియెన్ శిబిరములో బంధించారు. అక్కడి పిల్లలకు ఆటలు ఆడించుచుండగా, ఒక ఆదివారము హాకీలో పిల్లలు తన్నుకొనకుండ ఆయనే ఈల పట్టుకొని రిఫరీగా నిలిచాడు. తన పతకము కొరకు ఆదివారము మైదానములో దిగనివాడు, పిల్లల సమాధానము కొరకు దిగాడు. ఇది నియమము తప్పుటా, నెరవేర్చుటా? నేనైతే నెరవేర్చుటే అంటాను. 1945 ఫిబ్రవరిలో ఆ శిబిరములోనే కన్నుమూశాడు.

బాప్టిస్టులమైన మనకు ఈ పాఠము కొత్తది కారాదు. బాప్తిస్మమిచ్చు యోహాను శిష్యులు, జనమంతా యేసునొద్దకు పోవుచున్నారని వచ్చి బాధపడితే, ఆయన తనను పెండ్లికుమారుని స్నేహితునితో పోల్చుకొని సంతోషించాడు.

ఇక నా సంగతి. మన కిన్వట్ తాలూకా 1956లో ఆదిలాబాద్ జిల్లానుండి విడిపోయింది. ఊరు ఉన్నచోటే ఉంది గాని మన పిల్లల బడి భాష మరాఠీ అయింది. నేను చాలా ఏండ్లుగా మా కూటములో పాటలు నడిపించుచున్నాను. యువకులు ఒక్క పాటైనా మరాఠీలో పాడుదుమని అడిగిన ప్రతిసారీ “తెలుగు పోతుంది” అన్నాను. నిజము చెప్పాలంటే, తెలుగు కంటె నా స్థానము పోతుందని భయపడ్డాను. పిల్లవానికి త్యాగము బోధించబోయిన నాకే ఆ పాఠము రాలేదు.

గత నెలలో పాటల పుస్తకమును ఒక చెల్లెలికి అప్పగించి వెనుక బెంచీలో కూర్చున్నాను. మొదటి వారము గొంతు పట్టుకుపోయినట్లైంది. రెండవ వారము వారితో కలిసి పాడాను. తెలుగు పాటలు ఆ చెల్లెలు మానలేదు.

మన కుర్రవానిని మళ్లీ పిలిచి ఇదంతా చెప్పాను, నా తప్పుతో సహా. వాడు ఏమీ అనలేదు. మరుసటి శనివారము మైదానము ప్రక్కగా పోతుంటే, పది పన్నెండు మంది చిన్నవాళ్ల మధ్య నిలిచి, కూత ఆగకుండ ఊపిరి ఎలా బిగపట్టాలో చూపుచున్నాడు. ఒక చిన్నవాడు గీత తాకి తిరిగి వచ్చినప్పుడు అందరికంటె పెద్ద కేక వానిదే.

సహోదరులారా, మన చేతిలో ఏ బంతి ఉందో, మన వెనుక ఎవరు పరుగెత్తి వచ్చుచున్నారో ఒకసారి తిరిగి చూద్దాము. అందించే మనస్సును ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.