బక్షీసు దానమా? ఋణమా?

వ్యాపార నిమిత్తమై గాని, అచ్చట స్థిరపడిన బిడ్డలను చూచుటకై గాని విదేశములకు పోవువారు నేడు వర్తక కుటుంబములలో అనేకులు కలరు. భోజనశాలలో బిల్లు చేతికి వచ్చినపుడు వారికి ఒక సందేహము కలుగును. వ్రాసిన ధర చెల్లించిన పిమ్మట పైన మరికొంత ఇవ్వవలెనా? ఇచ్చినచో అది దానమా, ఋణమా?

వర్తకునకు మొదట తోచు సమాధానము ఇది: బేరము కుదిరినది, సొమ్ము చెల్లినది, లెక్క ముగిసినది. పనివాని జీతము యజమాని బాధ్యత గాని కొనువాని బాధ్యత కాదు. ఈ వాదములో న్యాయము లేకపోలేదు. జపాను దేశమున ఆచారమే ఇట్లున్నది. అచ్చట బల్లపై చిల్లర విడిచి వచ్చినచో, మరచిపోయిరనుకొని పనివాడు వెంట పరుగెత్తుకొని వచ్చి తిరిగి ఇచ్చుట కలదు. ఫ్రాన్సులో సేవకు చెల్లవలసిన భాగము పట్టికలోని ధరలోనే చేరియుండవలెనని చట్టము. అచ్చట విడుచు చిల్లర సంతోషమునకు గుర్తు మాత్రమే.

అమెరికా సంగతి వేరు. 1966లో కనీస వేతన చట్టమును సవరించి, బక్షీసు పొందు పనివారికి యజమాని తక్కువ కూలి ఇచ్చుటకు వీలు కల్పించిరి. కేంద్ర చట్టము ప్రకారము కనీస కూలి గంటకు 7.25 డాలర్లు కాగా, బక్షీసు పొందువారికి యజమాని తన చేతినుండి ఇవ్వవలసినది 2.13 డాలర్లే. ఈ అంకె 1991 నుండి మారలేదు. బక్షీసుతో లోటు పూడనిచో యజమానియే పూడ్చవలెనని నియమము కలదు. కాలిఫోర్నియా వంటి కొన్ని రాష్ట్రములు ఈ తగ్గింపును ఒప్పుకొనక పూర్తి కూలి ఇప్పించుచున్నవి. అయినను దేశమంతట బిల్లుపై నూటికి 15 మొదలు 20 వరకు ఇచ్చుట వాడుక.

అనగా అచ్చట పట్టికలో వ్రాసినది పూర్తి ధర కాదు. సరుకు ధర వేరు, హమాలీ వేరు అని వర్తకునకు ఎవరును నేర్పనక్కరలేదు. బస్తాలు దింపించుకొని హమాలీ ఎగవేయువానిని బజారులో తెలివైనవాడని ఎవరును అనరు.

మరియొక మాట కలదు. ఉల్లి, వెల్లుల్లి, గ్రుడ్డు లేని వంటకము కావలెనని అడిగి, వడ్డించువానిని వంటయింటికి రెండు మూడు మారులు త్రిప్పు ప్రయాణికుడు తక్కినవారికంటె ఎక్కువ శ్రమ పెట్టుచున్నాడు. తన నియమమును కాపాడుకొనుటకు పరుని కాళ్లను వాడుకొని, తీరా లేచునపుడు మాత్రము అతనిని మరచుట తగునా? అహింసాణువ్రతమునకు చెప్పిన అయిదు అతిచారములలో అన్నపాన నిరోధము ఒకటి. తనను నమ్ముకొని పనిచేయు మనుష్యునకు గాని పశువునకు గాని చెల్లవలసిన తిండిని ఆపరాదని దాని తాత్పర్యము.

‘ఈ పద్ధతియే అన్యాయము, ఇచ్చినకొలది అది బలపడును’ అని కొందరందురు. పద్ధతి అన్యాయమనుట నిజమే. అమెరికాలో పుల్మన్ రైలు పెట్టెలలో పనిచేసిన నల్లజాతి పనివారు చాలని జీతముతో, ప్రయాణికుల బక్షీసుపై బ్రతికిరి. వారు 1925లో సంఘము కట్టి, పండ్రెండేండ్లు పోరాడి, 1937లో కంపెనీతో ఒడంబడిక చేసికొని జీతములు పెంచుకొనిరి. వారి స్థితి మారినది వారి సంఘబలము వలన గాని, చేయి ముడుచుకొన్న ప్రయాణికుని వలన కాదు. బక్షీసు ఎగవేసినచో యజమానికి కలుగు నష్టమేమియు లేదు. ఆనాటి నష్టము వడ్డించినవానిదే.

కాబట్టి పోవు దేశపు వాడుకను ముందే విచారించి, ఆ సొమ్మును ప్రయాణపు ఖర్చులో వ్రాసికొనవలెను. బిల్లులో సేవా రుసుము చేరియున్నదేమో చూచుకొనవలెను. చేరియున్నచో రెండవమారు ఇవ్వనక్కరలేదు. అంత శక్తి లేనివారు తామే వడ్డించుకొను చోట భుజింపవచ్చును. జపానులో బలవంతముగా ఇవ్వజూచుట అక్కడివారి మర్యాదకు భంగము. అమెరికాలో ఇచ్చునపుడు దాతనను గర్వము పనికిరాదు. అది దానపు ఖాతాలో వ్రాసికొనదగినది కాదు. బాకీ ఖాతాలో చెల్లు వ్రాయదగినది.