కోణానికి పేరు, పేరుకు పూచీ

మాటకూ అర్థానికీ మధ్య ఉన్న సంబంధాన్ని ఎవరు కట్టారన్నది మన దర్శనాలలో చాలా పాత ప్రశ్న. ఆ సంబంధం నిత్యమని, దాన్ని ఎవరూ పుట్టించలేదని, పెద్దల వ్యవహారం నుంచి మనం అందుకుంటామని మీమాంసకులు అన్నారు. నైయాయికులు ఒప్పుకోలేదు. ‘ఈ మాటకు ఈ అర్థం’ అన్న సంకేతమే దానికి మూలమన్నారు. తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో ఆ సంకేతాన్ని ఈశ్వరుడిదిగా చెప్పాడు. మనుషులు తమ అవసరం కోసం చేసుకున్న సంకేతాన్ని మాత్రం న్యాయశాస్త్రం విడదీసి పరిభాష అంది. ఉదాహరణకు, పాణిని వ్యాకరణంలో ‘నదీ’ అన్న సంజ్ఞ కొన్ని స్త్రీలింగ శబ్దాలకు చెల్లుతుంది. పారే నీటితో దానికి పనిలేదు. ఈ పాత వివాదాన్ని తరచి చూడడానికి విమాన గమనశాస్త్రంలోని కోణాల పేర్లు మంచి తావు. అక్కడ పరిభాష ఎలా పుట్టిందో కనిపిస్తుంది, దాని మీద ప్రాణాలు ఆధారపడి ఉన్నాయి. నేను చెప్పదలచింది ఇది: ఏ అక్షరం వాడాలన్నది మనిషి ఇష్టం, ఆ అక్షరం చెప్పే సంబంధం మనిషి ఇష్టం కాదు, ఒకసారి అక్షరం కుదిరాక దానికి కట్టుబడి ఉండడం ధర్మం.

కోణం ఏ ఒక్క వస్తువులోనూ ఉండదు, రెంటి మధ్యనే ఉంటుంది. విమానం ముక్కుకూ క్షితిజానికీ మధ్య కోణం థీటా. విమానం నిజంగా సాగుతున్న దారికీ క్షితిజానికీ మధ్య కోణం గామా. ముక్కు చూసే దిక్కుకూ ఎదురొచ్చే గాలికీ మధ్య, విమానాన్ని కుడి ఎడమలుగా విడదీసే తలంలో ఏర్పడే కోణం ఆల్ఫా. గాలి పక్క నుంచి వస్తే ఏర్పడేది బీటా. రెక్కల వాలును ఫై, ముక్కు తిరిగిన దిక్కును సై చెబుతాయి. గాలి నిశ్చలంగా, రెక్కలు సమంగా ఉండి, విమానం పక్కకు జారకపోతే ఆల్ఫా, గామాల మొత్తమే థీటా. రెక్కను పైకెత్తే బలం ఆల్ఫాను బట్టి పెరుగుతుంది. ఆల్ఫా హద్దు దాటితే గాలి రెక్క పైభాగాన్ని అంటిపెట్టుకోదు, బలం పడిపోతుంది, అదే స్టాల్. సంబంధాన్ని చెప్పేటప్పుడు దాని ప్రతియోగి ఏది, అనుయోగి ఏది, అంటే దేనికి దేనితో సంబంధం అని నవ్యనైయాయికులు పట్టుబట్టి అడిగేవారు. ‘విమానం పైకి వాలింది’ అన్న మాటకు ఆ ప్రశ్న వేయాలి: దేనితో పోల్చి? క్షితిజంతోనా, గాలితోనా?

ఈ ప్రశ్న బరువు ఎంతో 2009 జూన్ 1న తెలిసింది. రియో డి జనీరో నుంచి పారిస్ వెళుతున్న ఎయిర్ ఫ్రాన్స్ 447 అట్లాంటిక్‌లో కూలి 228 మంది చనిపోయారు. చివరి నమోదులో ముక్కు క్షితిజం కన్నా 16.2 డిగ్రీలు పైకి ఉంది. అదే క్షణాన విమానం నిమిషానికి 10,912 అడుగుల చొప్పున దిగుతోంది. ముందుకు గంటకు 107 నాటికల్ మైళ్ల వేగంతో కదులుతోంది. ఈ రెండు వేగాలూ దాదాపు సమానం, అంటే దారి సుమారు 45 డిగ్రీలు కిందికి వాలి ఉంది. థీటాను చూస్తే విమానం ఎక్కుతున్నట్టుంది, గామాను చూస్తే పడిపోతోంది. ఆల్ఫా స్టాల్ హద్దును ఎప్పుడో దాటేసింది, కానీ దాన్ని నేరుగా చూపే సూచిక పైలట్ల ముందు లేదు. ప్రమాదానికి కారణం పేర్లు కావు కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. వేగాన్ని కొలిచే గొట్టాల్లో మంచు పేరుకుంది, ఆటోపైలట్ తప్పుకుంది, సిబ్బంది స్టాల్‌ను గుర్తించలేకపోయారు. నేను చెప్పేది కారణం గురించి కాదు. థీటా, ఆల్ఫా అన్న తేడా ఏ సంఘమో కూర్చుని కల్పించింది కాదని ఆ రాత్రి రుజువు చేసింది. పేరు పెట్టకపోయినా ఆ తేడా ఉండేది. పేరు దాన్ని చూడగలిగేలా చేస్తుంది, అంతే.

ఇంకో ఆక్షేపణ గట్టిది. తేడా ప్రకృతిదే అయితే అక్షరాల మీద ఇంత పట్టుదల ఎందుకు? ఐఎస్ఓ 1151 ప్రమాణంలో దారి వాలును గామా అంటారు, రెక్కల వాలును ఫై అంటారు. సోవియట్ ప్రమాణం గోస్ట్ 20058-80లో గామా అంటే రెక్కల వాలు, థీటా అంటే దారి వాలు. రెండు సంప్రదాయాల విమానాలూ చక్కగానే ఎగిరాయి. ఈ సాక్ష్యం అక్షరం మనిషి ఎంపికేనని నిస్సందేహంగా తేలుస్తుంది, నైయాయికుడిని గెలిపిస్తుంది. కానీ ఏదైనా ఒకటే అని మాత్రం తేల్చదు. ఒక సంప్రదాయంలో రాసిన సమీకరణాన్ని ఇంకో సంప్రదాయం వాడు అలాగే ఎత్తి రాసుకుంటే దారి వాలు ఉండవలసిన చోట రెక్కల వాలు వచ్చి కూర్చుంటుంది. లెక్కలో ఎక్కడా తప్పు కనిపించదు, జవాబు మాత్రం తప్పుతుంది. అందుకే బాధ్యత తెలిసిన రచయిత తన సంకేతాల పట్టికను మొదటి పుటల్లోనే ఇస్తాడు. ముక్కు మొహం తెలియని పాఠకుడికి అతడిచ్చే మాట అది.

మీమాంసకుడు చెప్పినదానిలోనూ ఒక నిజం మిగిలింది: మాటను వాడేవాడికి అది ముందే ఏర్పడి ఉన్నదిగానే అందుతుంది. ఇంజనీరింగ్ చదివే పిల్లవాడు ఆల్ఫాను తన ఇష్టానికి మార్చుకోలేడు. అయితే ఆ కట్టుబాటు మాట నిత్యం కావడం వల్ల రాలేదు. నిత్యమైనదాన్ని ఎవరూ కాపాడనక్కరలేదు, ఈశ్వరుడు కట్టినదానికి ఈశ్వరుడే పూచీ. ప్రమాణానికి అంకె ఉంది, సంవత్సరం ఉంది, దాన్ని తయారుచేసిన మనుషులున్నారు. వాడేవాళ్లు నిలబెట్టినంతకాలమే అది నిలుస్తుంది. పరిభాష కేవలం సౌకర్యమని, తోచినప్పుడు వదిలేయవచ్చని అనుకోవడం అందుకే పొరపాటు. మనిషి చేసిందన్న కారణం చేతనే దానికి మనిషే పూచీ పడాలి.