పాము మింగిన పేర్లు

మొన్న అచ్చంపేటలో మావాడు కంప్యూటరు ముందు కూర్చుని ఒకటే సణుగుడు. 2007లో వచ్చిన ‘మాస్ ఎఫెక్ట్’ ఆటలో ఆయుధాల మూట మనమే సర్దుకోవాలట. 2010 నాటి రెండో భాగంలో ఆ పని తీసేశారట.

“సులువైతే మంచిదేగా!” అన్నాను. అంటూనే వైకుంఠపాళి గుర్తొచ్చి నాలిక్కరుచుకున్నాను. 1890ల్లో అది ఇంగ్లండు చేరింది. మొదట అక్కడి పటాల మీదా నీతులుండేవి. పోనుపోను పేర్లు పోయి అంకెలే మిగిలాయి. మా అత్తమ్మయితే పాము మింగినప్పుడల్లా ఆ పాపం పేరు చదివించి, “ఎందుకు దిగినవో చెప్పు బిడ్డా” అనేది.

నిజం చెప్పొద్దూ, అందులోనూ ఎక్కించేదీ దించేదీ గవ్వలే. మన ఎంపిక ఏముంది గనక? మూట బరువు తగ్గిస్తే నాకేం బాధ లేదు.

“మరి మంచీచెడూ ఎంచుకోవడం ఉంచారా?”

“ఉందమ్మా. చివర్లో ఎవరు బతకాలో నా చేతిలోనే.”

అన్నం చల్లారుతున్నా వాణ్ణి పిలవలేదు.